అంత్యక్రియలకు అన్ని రోగాల్లోనూ ఒకే నిబంధన సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మహమ్మారి వచ్చిన ప్రతిసారీ అంత్యక్రియల దగ్గర రెండు తప్పులు జరుగుతున్నాయి. అధికారులు అన్ని రోగాలకూ ఒకే నిబంధన పెడతారు: దేహాన్ని సంచీలో మూసెయ్యాలి, ఇంటివాళ్లను దూరంగా నిలబెట్టాలి, తొందరగా ముగించాలి. కుటుంబాలేమో ఆచారమంటే మొత్తం జరగాలి, ఒక్కటి తగ్గినా ఏదీ జరగనట్టే అనుకుంటాయి. ఈ రెండు పట్టుదలల మధ్య శవాలను రాత్రిపూట రహస్యంగా తరలించడం, రోగం పేరు దాచిపెట్టడం, శ్మశానం గేటు దగ్గర గొడవలు మొదలవుతాయి. రోగం ఎలా అంటుతుందో తెలిస్తే ఆచారంలో ఏది ఉంచుకోవచ్చో, ఏది మార్చుకోవాలో, ఏది మానుకోవాలో తేల్చుకోవడం అంత కష్టం కాదు. ఆ వివరాలు మీ పాఠకులకు చేరాలనే ఈ ఉత్తరం.

ముందు శవం సంగతి. కోవిడ్, ఇన్‌ఫ్లూయెంజా లాంటి శ్వాసకోశ రోగాల్లో రోగం ప్రధానంగా ఊపిరితో, దగ్గుతో, మాటతో బయటికి వస్తుంది. చనిపోయిన మనిషి ఊపిరి పీల్చడు, దగ్గడు. మిగిలే ప్రమాదం కొద్దిపాటిది. దేహాన్ని ఎత్తినప్పుడు, పక్కకు తిప్పినప్పుడు ఛాతీలో మిగిలిన గాలి కొంచెం బయటికి రావచ్చు. ముక్కు నుంచి, నోటి నుంచి ద్రవాలు కారవచ్చు. అందుకే కదిలించే ముందు ముక్కూ నోరూ కప్పుతూ ఒక గుడ్డ వేయాలి, కదిలించేవాళ్లు మాస్కు, గ్లౌజులు వేసుకోవాలి. ఎబోలా సంగతి పూర్తిగా వేరు. మరణించే సమయానికి రోగి ఒంట్లో వైరస్ అత్యధికంగా ఉంటుంది, చర్మం మీదా స్రావాల్లోనూ ఉంటుంది, ప్రాణం పోయాక కూడా రోజుల తరబడి అంటించగలదు. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా ప్రబలినప్పుడు కొత్త కేసుల్లో కనీసం 20 శాతం ఖననాల సమయంలోనే సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నవంబరులో చెప్పింది. కలరాలో ప్రమాదమంతా పేగుల్లోంచి కారే ద్రవంలో ఉంటుంది. శవాన్ని కడిగిన చేతులే తర్వాత వంట పాత్రలు ముట్టుకుంటే రోగం విస్తరిలోకి వచ్చేస్తుంది.

మూడు రోగాలు, మూడు దారులు. మూడింటికీ ఒకే నిబంధన రాస్తే ఒకచోట అనవసరమైన క్రూరత్వం అవుతుంది, ఇంకోచోట ప్రమాదకరమైన అలసత్వం అవుతుంది.

శ్వాసకోశ రోగంలో అసలు ప్రమాదం శవం చుట్టూ చేరిన బతికున్నవాళ్ల నుంచే. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగోలో ఒక అంత్యక్రియలకు స్వల్ప లక్షణాలున్న మనిషి ఒకరు వచ్చారు. ముందురోజు రాత్రి ఆప్తులతో కలిసి ఒకే పాత్రల్లోంచి వడ్డించుకుని దాదాపు మూడు గంటలు గడిపారు. అంత్యక్రియల దగ్గర కౌగిలించుకుని ఓదార్చారు. కొన్నాళ్లకు ఒక పుట్టినరోజు విందుకూ వెళ్లారు. ఆ గొలుసులో 16 మందికి కోవిడ్ వచ్చింది, ముగ్గురు చనిపోయారు. అంటించినది శవం కాదు, భోజనమూ కౌగిలీ. అయినా శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి, పక్క గదిలో 50 మందికి పంక్తి భోజనాలు పెట్టిన చోట్లూ ఉన్నాయి.

ఇక పని మొదలయ్యేది ఆసుపత్రిలోనో ఇంట్లో మంచం దగ్గరో. గొట్టాలు, సూదులు జాగ్రత్తగా తీయాలి. సూదులను మళ్లీ మూత పెట్టకుండా నేరుగా గట్టి డబ్బాలో వేయాలి. సూది గుచ్చిన చోట్ల నీరు చొరని పట్టీ అంటించాలి. ద్రవాలు కారుతుంటే నవరంధ్రాల్లో దూది పెట్టాలి, కలరా అయితే ఆ దూదిని క్లోరిన్ ద్రావణంలో తడిపి పెట్టాలి. కారుడు లేని కోవిడ్ దేహానికి సంచీ తప్పనిసరి కాదని, మంచి గుడ్డలో చుట్టి పంపవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. ఎబోలా అయితే సంచీ లేకుండా దేహాన్ని కదిలించకూడదు. రసాయనాలు ఎక్కించి శవాన్ని నిలవచేసే ఎంబామింగ్ మహమ్మారి రోజుల్లో వద్దు. అందులో రక్తమూ స్రావాలూ చిందే అవకాశం ఎక్కువ. దహనం చేయబోయే వ్యక్తికి గుండెలో పేస్‌మేకర్ ఉంటే డాక్టరు ముందే తీయించాలి. దాని బ్యాటరీ మంటల్లో పేలుతుంది.

తరచూ తప్పు జరిగేది, దిద్దుకోవడానికి వీల్లేనిది, గుర్తింపు దగ్గర. శవాలు తారుమారైతే ఏ కర్మకూ అర్థం ఉండదు. పేరు, వయసు, తేదీ, నంబరు రాసిన చీటీని తడవని సంచీలో పెట్టి ఒకటి మణికట్టుకో చీలమండకో కట్టాలి, అదే నంబరుతో రెండోది బయటి సంచీకి కట్టాలి. మూసే ముందు ఇంటివాళ్లలో ఒకరు ముఖం చూసి సంతకం పెట్టాలి. ఎబోలాలోనైనా ఆ ఒక్కరు సురక్షిత దూరం నుంచి చూడవచ్చు, లేదా ఫొటో తీసి చూపించవచ్చు. ఆ చూపు గుర్తింపుకీ పనికొస్తుంది, దుఃఖానికీ పనికొస్తుంది. ముఖం చూపించకుండా ఇచ్చిన శవాన్ని కుటుంబం నమ్మదు. నమ్మని కుటుంబం సంచీ విప్పుతుంది. అప్పుడు సంచీ ఉన్నా లేనట్టే.

క్లోరిన్ ద్రావణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ లెక్క తప్పేవాళ్లే ఎక్కువ. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటే, లీటరు నీటికి 30 గ్రాములు కలిపితే 1 శాతం ద్రావణం అవుతుంది. 15 గ్రాములకు 0.5 శాతం, 3 గ్రాములకు 0.1 శాతం. ద్రవరూపంలో దొరికే 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్) అయితే ఒక వంతు దానికి తొమ్మిది వంతుల నీళ్లు పోస్తే 0.5 శాతం, 49 వంతులు పోస్తే 0.1 శాతం. కోవిడ్ లాంటి వాటిలో బల్లలు, స్ట్రెచర్లు, వాహనం లోపలి భాగం తుడవడానికి 0.1 శాతం చాలు. రక్తం, స్రావాలు ఒలికిన చోటా, ఎబోలా సంచీ పైనా 0.5 శాతం వాడాలి. పొడి కలిపాక కాసేపు తేరనిచ్చి పైన నిలిచిన తేట నీరే తీసుకోవాలి, అడుగు మడ్డి స్ప్రేయర్‌ని మూసేస్తుంది. ద్రావణం ఏ రోజుకారోజు చేసుకోవాలి. ఎండ తగిలినా, మూత లేకపోయినా దాని బలం పోతుంది. తేమ పట్టి గడ్డకట్టిన పాత పౌడర్‌తో చేసిన నీళ్లకు వాసన ఉంటుంది కానీ పని ఉండదు. మురికి మీద నేరుగా పోసినా దండగే, ఎందుకంటే క్లోరిన్ ముందు ఆ మురికితోనే ఖర్చయిపోతుంది. అందుకని ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత ద్రావణం తుడిచి, పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. యాసిడ్‌తోగానీ అమ్మోనియా ఉన్న క్లీనర్లతోగానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. మనుషుల మీద చల్లడం మరీ తప్పు. కళ్లూ చర్మమూ ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి తప్ప రోగం ఆగదు. శ్మశానం గేటు దగ్గర బంధువుల మీద పంపుతో మందు కొట్టించే అధికారులు ఆ పని వెంటనే ఆపాలి.

రక్షణ దుస్తుల్లో రోగం అంటేది వేసుకునేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. పని అయిపోయిందన్న ఊరటలో చేయి ముఖం మీదికి పోతుంది. ముందు గ్లౌజులు, తర్వాత లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ గౌను, ఆపైన చేతులు కడుక్కుని కళ్లద్దాలు, చివర్లో మాస్కు, మళ్లీ చేతులు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు. ఎబోలా బృందాల్లో విప్పే పద్ధతి ఇంకా కట్టుదిట్టంగా ఉంటుంది. అడుగడుగునా చేతులు కడుగుతారు, ఎదురుగా ఒకరు నిలబడి తర్వాతి అడుగేమిటో చెబుతుంటారు. ఆ చెప్పే మనిషి శ్వాసకోశ రోగాల్లోనూ ఉంటే మంచిది.

ఇప్పుడు మతాల దగ్గరికి వద్దాం. స్నానం చాలా మతాల్లో ఉంది, తగవంతా దాని దగ్గరే. కోవిడ్ లాంటి రోగంలో స్నానం చేయించవచ్చు. ఇద్దరో ముగ్గురో, వయసు మళ్లని పెద్దవాళ్లు, ఆరోగ్యవంతులు, గ్లౌజులూ మాస్కూ నీరు చొరని ఏప్రనూ కంటి రక్షణా వేసుకుని, కిటికీలు తెరిచిన చోట చేయించాలి. నీళ్లు చెంబుతో మెల్లగా పోయాలి, పైపుతో చిమ్మితే తుంపర లేస్తుంది. ముస్లింలు శవానికి చేయించే స్నానమైన గుస్ల్‌లో దేహాన్ని కొద్దిగా లేపి కడుపు మీద మృదువుగా నొక్కడం ఉంటుంది. అదొక్కటి మానేయాలి. నొక్కితే ఊపిరితిత్తుల్లోని గాలీ పేగుల్లోని ద్రవమూ బయటికొస్తాయి. కలరాలో అది మరీ ప్రమాదం. గడ్డం గీయడం, గోళ్లు కత్తిరించడం కూడా వద్దు, గాట్లు పడతాయి.

ఎబోలాలో స్నానం లేదు, ఏ మతానికైనా. కానీ ఇస్లాంలో నీళ్లు వాడలేని పరిస్థితికి తయమ్ముమ్ అనే పద్ధతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో మతపెద్దలతో, మానవశాస్త్రవేత్తలతో కూర్చుని రాసిన ఖనన పద్ధతిలో దాన్నే తీసుకుంది. గ్లౌజులు వేసుకున్న చేతులను శుభ్రమైన మట్టి మీదో రాయి మీదో తాకించి, మూసిన సంచీ పైనుంచే ముఖం, చేతులు ఉన్న చోట తుడుస్తారు. శవానికి చుట్టే కఫన్ వస్త్రాన్ని సంచీ పైనే కప్పుతారు. మృతుల కోసం చేసే జనాజా నమాజ్‌లో వంగడం (రుకూ), నేలకు నుదురు తాకించడం (సజ్దా) లేవు, నిలబడే చదువుతారు, బయటి మైదానంలో చదవవచ్చు. పైగా అది ఫర్జె కిఫాయా, అంటే కొందరు చదివితే సమాజమంతటి బాధ్యత తీరుతుంది. పది మందితో సరిపెట్టినా మతం తప్పినట్టు కాదన్న మాట ఇమాము నోటి నుంచి వస్తే వినే తీరే వేరు.

హిందువుల్లో నోట్లో తులసి తీర్థం పోయడం, బియ్యం వేయడం, పాదాలను కళ్లకద్దుకోవడం మానుకోవాలి. మంత్రాలు, ప్రదక్షిణ, దూరం నుంచి నీళ్లు చల్లడం, పూలు వేయడం అన్నీ ఉంచుకోవచ్చు. చితి దగ్గర రోగం కంటే పెద్ద ప్రమాదం నిప్పు. సానిటైజర్ రాసుకున్న చేతులు ఆరకముందే వాటితో కొరివి పట్టుకోవద్దు. ఆల్కహాల్ మంట పగటి వెలుతురులో కనిపించదు కూడా. రక్షణ గౌన్లు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుపోతాయి. దేహం చితి మీదికి చేరాక ఇక ముట్టుకునే పని లేదు కాబట్టి, కొరివి పెట్టేవారు గౌను విప్పేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, నూలు బట్టలతో నూలు మాస్కుతో ముందుకు రావాలి. పీవీసీ సంచీ కాలితే క్లోరిన్ కలిసిన విషపు పొగ వస్తుంది. దహనానికి పంపే దేహానికి పీవీసీ కాని సంచీ ఇవ్వాలని మార్చురీ వాళ్లకు ముందే చెప్పాలి. చితాభస్మంలో ఏ రోగమూ మిగలదు. అస్థికలు తీసుకోవడానికి, నిమజ్జనానికి, ఇంటికి తేవడానికి భయపడాల్సింది ఏమీ లేదు. భయంతో అస్థికలు తీసుకోకుండా వదిలేసిన కుటుంబాలకు ఈ మాట ఎవరైనా ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. దేహమే దొరకని పరిస్థితికి దర్భతో ప్రతిమ చేసి దహనం చేసే విధి ధర్మశాస్త్రాల్లో ఉంది. పురోహితులు దాని గురించి కుటుంబాలకు చెప్పాలి.

హిందువుల్లోనే ఖననం చేసే సంప్రదాయాలు ఉన్నాయి, వీరశైవులు అందుకు ఉదాహరణ. అంటురోగంతో పోతే కాల్చి తీరాలన్నది అపోహ. క్రైస్తవుల్లో పెట్టె మూసి ఉంచి ప్రార్థన, వాక్య పఠనం, పవిత్ర జలం చల్లడం చేయవచ్చు. ముద్దు పెట్టుకోవడం, అందరూ వరసగా పెట్టెను తాకడం వద్దు. మూసిన గదిలో బృంద గానం వద్దు, మాట్లాడినప్పటి కంటే పాడినప్పుడు ఎక్కువ తుంపర వస్తుంది. స్థలం లేక కొన్నిచోట్ల దహనానికి వెళ్లాల్సి వస్తే, కాథలిక్ సంఘం దహనాన్ని 1963 నుంచి అనుమతిస్తోందని కుటుంబానికి గుర్తు చేయాలి, అయితే నిర్ణయం వాళ్లదే. సిక్కుల అర్దాస్, కీర్తన్ సోహిలా పఠనం దేహాన్ని ముట్టుకోకుండానే జరుగుతాయి. యూదుల తహారా స్నానానికీ పైన గుస్ల్‌కు చెప్పిన జాగ్రత్తలే. దేహాన్ని ఎత్తైన కట్టడం మీద పక్షులకు వదిలే పార్సీల దఖ్మా పద్ధతిని కోవిడ్‌లో ఆపేస్తే ఆ వివాదం భారత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పక్షులు తాకకుండా పైన వల కట్టే ఏర్పాటుతో 2022 ఫిబ్రవరిలో అది తేలింది. కూర్చుని మాట్లాడితే దారి దొరుకుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

మాట్లాడకపోతే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 2020లో అక్కడి ప్రభుత్వం భూగర్భ జలాలు కలుషితమవుతాయన్న వాదనతో కోవిడ్ మృతులందరినీ, ముస్లింలనూ, పసిపిల్లలనూ కూడా, దహనం చేయాలని శాసించింది. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. 2021 ఫిబ్రవరిలో ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు, 2024లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. కాలిపోయినవాళ్లకు ఖననం మాత్రం తిరిగిరాలేదు.

సమాధికి ఒకటిన్నర మీటరు లోతు కనీసం ఉండాలి. అడుగుకీ భూగర్భ జలమట్టానికీ మధ్య ఒక మీటరుకు తక్కువ కాకుండా ఎడం ఉండాలి, ఇసుక నేలల్లో ఇంకా ఎక్కువ. తాగునీటి బావికి దూరంగా, ఎత్తైన చోట తవ్వాలి. వానకాలంలో గోతిలో నీరు ఊరుతుంటే ఆ చోటు పనికిరాదని వెంటనే ఒప్పుకుని మారాలి. గోతిలో సున్నం పోస్తే రోగం నుంచి రక్షణ దొరుకుతుందన్నది నమ్మకమే తప్ప నిజం కాదు. మరణాలు ఎక్కువై వరసగా పూడ్చాల్సి వచ్చినా ఒకరి మీద ఒకరిని వేయకూడదు. ఒకే పొరలో, దేహానికీ దేహానికీ మధ్య 40 సెంటీమీటర్లు వదిలి, ఎవరు ఎక్కడో నంబరుతో పటం గీయాలి. రేపు ఆ కుటుంబం వచ్చి అడిగితే చూపించగలగాలి. దింపేటప్పుడు తాళ్లు రెండు చోట్ల, ఛాతీ కింద, తొడల కింద వేయాలి. ఒకే తాడు నడుము దగ్గర వేస్తే దేహం ఒరిగి సంచీ చిరుగుతుంది. మూతపడిన దేహం మీద మట్టి వేయడం ఎవరికీ ప్రమాదం కాదు, ఇంటివాళ్లను వేయనివ్వాలి. పలుగూ పారా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతుంటే మధ్యలో చేతులు శుభ్రం చేసుకుంటే చాలు.

జనం విషయంలో పట్టు సడలకూడదు. ఆరుబయట, తక్కువ మంది, తక్కువ సేపు. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు, రోగితో ఒకే ఇంట్లో ఉండి ఇంకా క్వారంటైన్ తీరనివాళ్లు మిగతావాళ్లతో కలవకూడదు. కన్నకొడుకో కూతురో అయితే వాళ్లను వేరే వాహనంలో తెచ్చి, వేరేగా నిలబెట్టి, చూడనివ్వాలి. వాళ్లను అసలు రానివ్వకపోవడం అన్యాయం. వచ్చినవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకోవాలి, తర్వాత ఎవరికైనా రోగం తేలితే మిగతావాళ్లకు చెప్పడానికి. కలిసి భోజనం చేయడం వాయిదా వేసుకోవాలి. రాలేనివాళ్లకు వీడియో కాల్ పెట్టేటప్పుడు ఫోన్ పట్టుకునే పని కర్త మీద పెట్టకండి, దానికి వేరే మనిషి ఉండాలి.

మోసేవాళ్లు, తవ్వేవాళ్లు, కాటికాపరులు ఈ పని రోజుకు పదిసార్లు చేస్తారు. వాళ్లకు ఇచ్చే గ్లౌజులు ఆసుపత్రిలో వాడే పల్చటివి అయితే కట్టె పేళ్లకూ పారకర్రకూ గంటలో చిరుగుతాయి. లోపల పల్చటివి, పైన మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరువి ఇవ్వాలి. రక్షణ దుస్తుల్లో ఎండకు వడదెబ్బ తగులుతుంది కాబట్టి వంతులు మార్చాలి, నీళ్లు తాగడానికి విప్పే చోటు చూపించాలి. రక్తం, స్రావాల ద్వారా అంటే కాలేయ రోగం హెపటైటిస్ బికి టీకా వేయించాలి. వాళ్లను ఇంటి చుట్టుపక్కలవాళ్లు వెలివేస్తే అధికారులు వెళ్లి మాట్లాడాలి.

రోగం రాకముందే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి స్థానిక సంస్థా ఆరోగ్యాధికారినీ, అన్ని మతాల పెద్దలనూ, శ్మశానాల నిర్వాహకులనూ ఒకసారి కూర్చోబెట్టి మతానికి ఒక పేజీ చొప్పున రాయించాలి. పేజీకి ఎడమవైపు ఆచారాల పేర్లు, కుడివైపు మూడు గడులు: శ్వాసకోశ రోగం, కలరా లాంటి పేగుల రోగం, ఎబోలా లాంటి రక్తస్రావ జ్వరం. ప్రతి గడిలో ‘ఉంది’, ‘ఇలా మార్చాలి’, ‘లేదు’ అన్న మూడింటిలో ఒకటి. కింద మతపెద్ద సంతకం, ఆరోగ్యాధికారి సంతకం పక్కపక్కనే. ఆ పేజీ మార్చురీ గోడ మీద, శ్మశానం గేటు మీద ఉండాలి. మరణవార్త చెప్పే నర్సు చేతిలో కూడా ఒక ప్రతి ఉండాలి.

ఇట్లు,
ప్రజారోగ్య, అంత్యక్రియల నిర్వహణ రంగాల్లో పనిచేస్తున్న కొందరం